ప్రథమపురుష మర్యాద

మాటలాడునప్పుడు మనము లోకమును మూడు పాళ్లుగా పంచుకొందుము. పలుకువారు ఒకరు, వినువారు ఒకరు, ఎవరిని గూర్చి పలుకుచున్నామో వారు మూడవవారు. పలుకువారు 'నేను' అందురు. వినువారిని 'నీవు' అనియో 'మీరు' అనియో అందురు. మూడవవారు సామాన్యముగా ఆ చోట నుండరు. తమ్ము గూర్చి జరుగు ప్రసంగమును వారు వినరు. బదులు చెప్పు వీలు వారికి లేదు. అట్టి వ్యక్తిని ఏ మాటతో పేర్కొనవలెను అనునది పైకి వ్యాకరణ ప్రశ్న. కొంచెము నిలిచి ఆలోచించిన అది ధర్మప్రశ్న యని తోచును.

ఎదుటనున్నవారికి చూపు మర్యాదలో భయము, మొగమాటము, ప్రయోజనము కలిసియుండవచ్చును. పై అధికారిని 'మీరు' అనుటకు శీలముతో పనిలేదు, కొలువు చాలును. వారి గది తలుపు మూసి వెలుపలికి వచ్చిన పిమ్మట వారిని ఏమందుమో దానిని బట్టి మన మర్యాద మన గుణమో, మన భయమో తేలును. కావున పరోక్షమున చూపు మర్యాదయే మర్యాదకు గీటురాయి యని మా అభిప్రాయము.

మన పూర్వ వైయాకరణులు ఈ మూడవ వ్యక్తికి పెట్టిన పేరు గమనింపదగినది. ఇంగ్లీషు వ్యాకరణమున పలుకువారిదే మొదటి స్థానము. ఎదుట లేనివారిది మూడవ స్థానము. సంస్కృత వైయాకరణులును, వారిని అనుసరించిన తెలుగు వైయాకరణులును ఎదుట లేని వ్యక్తిని 'ప్రథమపురుష' యనిరి. వినువారు మధ్యమపురుష. పలుకు తాను ఉత్తమపురుష. ఇచ్చట ఉత్తమమనగా శ్రేష్ఠమని కాదు, కడపటిదని అర్థము. క్రియలను వల్లించునపుడు 'అతడు' ముందు, 'నీవు' నడుమ, 'నేను' చివర. ఇది వరుసకొరకు ఏర్పడిన పేరే గాని నీతి బోధించుటకు పెట్టినది కాకపోవచ్చును. ఐనను లేనివారికి ముందు పీట, తనకు చివరి పీట వేసిన ఈ పంక్తి మర్యాద తెలిసిన ఇంటి విందు పంక్తివలె మాకు కనబడుచున్నది.

స్వంత భాషను కంటికి మరీ దగ్గరగా పట్టిన అక్షరములు అలుక్కుపోవును. కొంత దూరపు భాష నొకదానిని పక్కన పెట్టుకొని చూచుట మేలు. అందులకు అర్మీనియా భాషను తీసికొందము. ఆ జాతి మనకు బొత్తిగా కొత్తది కాదు. వ్యాపారము కొరకు వచ్చిన అర్మీనియనులు హైదరాబాదులోను, చెన్నపట్టణములోను నివసించిరి. చెన్నపట్టణమున నేటికిని అర్మీనియను వీధి కలదు. అందు వారి ప్రాచీన దేవాలయము కలదు. అర్మీనియను భాషలో ప్రపంచమునందే మొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడినది ఆ చెన్నపట్టణముననే. స్వదేశమునకు దూరముగా స్థిరపడిన ఒక చిన్న సమాజము తన భాషలో పత్రిక నడుపుకొన్న సంగతి మనవంటి వారికి ఊరటనిచ్చునదియు, సిగ్గు కలిగించునదియు కూడ.

సంస్కృతము, గ్రీకు మొదలగువాని కుటుంబమునకే చెందినదైనను అర్మీనియను భాషలో లింగభేదము లేదు. 405వ సంవత్సర ప్రాంతమున మెస్రోప్ మాష్టోత్స్ ఆ భాషకు లిపి నేర్పరచెను. అప్పటినుండి లభించుచున్న వ్రాతలలోను లింగభేదము కానరాదు. తూర్పు అర్మీనియనులో పురుషునికిని స్త్రీకిని ఒకే సర్వనామము. ఆ మాట 'నా'. పశ్చిమ అర్మీనియనులో అది 'అన్'. రాజు వచ్చినను 'నా', దాసి వచ్చినను 'నా'. క్రియయు మారదు. వినువారు సందర్భమును బట్టి ఆడయో మగయో తెలిసికొనవలసినదే. ఆ భాషలో మరియొక విశేషము కలదు. మనకు దగ్గర 'ఈ', దూరము 'ఆ' అను రెండే మెట్లు. వారికి మూడు: పలుకువారి చెంతనున్నది 'సా', వినువారి చెంతనున్నది 'దా', ఇద్దరికిని దూరమైనది 'నా'. మన పొరుగున హళెగన్నడమునను ఇటువంటి నడిమి మెట్టు ఉండెడిది. తరువాత అది జారిపోయినది.

'నా' అను మాట విన్నపుడు తెలుగువారికి ఒక తమాషా తోచకమానదు. మనకు 'నా' యనగా మనదైనది. వారికి 'నా' యనగా పరాయి వ్యక్తి. వారి పరాయిమాటయు, మన మమకారపు మాటయు ఒకే ధ్వని. ఇది కేవలము కాకతాళీయము. భాషాశాస్త్రమున దీనికి విలువ లేదు. ఐనను పరుని గూర్చి పలుకునపుడు పరుని తనవానిగా తలచవలెనని ఈ సామ్యము జ్ఞప్తి చేయుచున్నచో మనకు నష్టమేమి?

ఇక మన ఇంటికి వత్తము. తెలుగున ప్రథమపురుషకు ఒక మాట కాదు, ఒక నిచ్చెన కలదు. పురుషునికి వాడు, అతడు, ఆయన, వారు. స్త్రీకి అది, ఆమె, ఆవిడ, వారు. రాయలసీమ పల్లెలలో ఆయప్ప, ఆయమ్మ అను అందమైన మాటలును కలవు. ఎవరో తెలియని వ్యక్తినైనను తండ్రిగా, తల్లిగా పేర్కొను మర్యాద వానియందున్నది. ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీద ఎవరిని నిలుపుదుమో అది వయస్సును బట్టి, కులమును బట్టి, ధనమును బట్టి, చుట్టరికమును బట్టి, ఒక్కొక్కప్పుడు కేవలము ఆ నాటి మన కోపమును బట్టి నిర్ణయమగుచున్నది.

అర్మీనియను తన వాక్యములో మూడవ వ్యక్తిని గౌరవింపకయు, అగౌరవపరుపకయు 'నా' యని సాగిపోగలడు. తెలుగువానికి ఆ వీలు లేదు. నోరు తెరచిన వెంటనే ఒక మెట్టు ఎంచుకొనక తప్పదు. తూకము వేయకుండ ఒక్క వాక్యమును మన నోట వెలువడదు.

ఇందు స్త్రీల విషయము వేరుగా చెప్పవలసియున్నది. 19వ శతాబ్దపు నడుమ పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును రచించిన నాటికే మన వ్యాకరణమున 'మహత్తు', 'అమహత్తు' అను విభాగము స్థిరపడియున్నది. ఏకవచనమున పురుషుడు, దేవుడు మహత్తు. స్త్రీకి 'ఆమె' యను ప్రత్యేకమైన మాట యున్నను క్రియకు వచ్చుసరికి పశువులతోను, జడవస్తువులతోను ఒకే రూపము చెల్లుచున్నది. 'రాముడు వచ్చినాడు' అందుము. 'సీత వచ్చినది', 'ఆవు వచ్చినది', 'బండి వచ్చినది' అందుము. బహువచనమున మాత్రము స్త్రీలు మనుష్యులతో చేరుదురు: 'వారు వచ్చినారు'. ఆవులు, బండ్లు 'వచ్చినవి'.

ఆంధ్ర, తెలంగాణములలో నివసించువారికి ఇది చెవికి అలవాటైన సంగతి. వారు దీనిని గమనింపరు. రాయచూరు జిల్లాలో నివసించు మనకు గమనింపక తప్పదు. ఏలయనగా మన వీధిలో మూడు భాషలు పక్కపక్కన నడచుచున్నవి. కన్నడమున అవను, అవళు, అదు అని ముగ్గురికి మూడు మాటలు. బందను, బందళు, బందితు అని మూడు క్రియలు. అచ్చట స్త్రీ ఒంటరిగానున్నను మనిషియే. నిజాము కాలము నుండి మన చెవిలోనున్న ఉర్దూలో సర్వనామము అందరికి ఒకటే 'వో'. క్రియ మాత్రము 'ఆయా', 'ఆయీ' యని మారును. పారసీకమున సర్వనామమునందును క్రియయందును భేదము లేదు. ఆ విషయమున అది అర్మీనియనుకు తోడు.

మా మనుమరాలు కన్నడ బడిలో చదువుకొనుచున్నది. ఒకనాడు ఆ పిల్ల మమ్ము ఇట్లడిగినది: "తాతా! అవ్వ వచ్చిందంటావు, బర్రె వచ్చిందంటావు. కన్నడంలో అజ్జి బందళు, ఎమ్మె బందితు అంటారు కదా. మన దాంట్లో అవ్వ, బర్రె ఒకటేనా?" మేము బహువచనమును జూపి సమాధానపరచ జూచితిమి. అవ్వయు అమ్మయు కలిసి వచ్చినపుడు 'వచ్చినారు' అందుము, బర్రెలు వచ్చినపుడు 'వచ్చినవి' అందుము, కావున భేదమున్నదని చెప్పితిమి. ఆ పిల్ల వెంటనే "అట్లైతే ఒక్కతే ఉన్నప్పుడు అవ్వ మనిషి కాదా?" అన్నది. తొమ్మిదేండ్ల పిల్ల వేసిన ప్రశ్నకు వ్యాకరణమున జవాబు దొరకలేదు. జవాబు వ్యాకరణము వెలుపల వెదకవలసియున్నది.

ముందుగా భాష పక్షమున చెప్పదగినది చెప్పవలెను. తెలుగు స్త్రీని కించపరచుటకై ఎవరో కూర్చుండి ఈ రూపములను కల్పించలేదు. ఇవి మిక్కిలి పాతవి. ద్రావిడ భాషలను పరిశోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి అభిప్రాయము ప్రకారము, మూలద్రావిడమున ఏకవచనముననే గాక బహువచనమునను స్త్రీలు పురుషేతర వర్గమునకే చెందియుండిరి. తమిళ కన్నడముల శాఖ స్త్రీకి ఏకవచనమున వేరు రూపమును పెంచుకొన్నది. తెలుగు బహువచనమున స్త్రీని మనుష్యవర్గములోనికి తెచ్చుకొన్నది. గోండీ మొదలగు కొన్ని భాషలు పాత పద్ధతినే నిలుపుకొన్నవి. ఇతర పండితులు కొందరు మూలస్థితిని వేరుగా ఊహించిరి. కృష్ణమూర్తిగారి మతమును అంగీకరించినచో మనకు ఒక గొప్ప విషయము బోధపడును. భాష మారినది, మారిన దిక్కు స్త్రీని మనుష్యులలో చేర్చు దిక్కే. కన్నడము ఒక దారిని పోయినది, తెలుగు మరియొక దారిని సగము నడచి నిలిచినది.

ఇంకను రెండు సంగతులు కలవు. లెక్కించునపుడు తెలుగు స్త్రీని ఎన్నడును పశువులతో చేర్చలేదు. 'ఇద్దరు స్త్రీలు', 'ముగ్గురు స్త్రీలు' అందుము గాని 'రెండు స్త్రీలు' అనము. ఒకడు, ఒకతె, ఒకటి అను మూడు వేర్వేరు మాటలు మనకున్నవి. రెండవ సంగతి గ్రాంథిక భాషకు సంబంధించినది. 'రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఆవు వచ్చెను' అని పాత వ్రాతలలోని భూతకాల క్రియకు లింగభేదమే లేదు. 'వచ్చును' అను రూపమునకును లేదు. అర్మీనియను క్రియవలె అది అందరికి సమానము. నేటి వాడుకలోని 'వచ్చినాడు', 'వచ్చినది' అను రూపములు 'వచ్చినవాడు', 'వచ్చినది' అను నామములనుండి పుట్టినవి. భేదము వానితో క్రియలోనికి వచ్చినది. అనగా లింగభేదము లేని మార్గము తెలుగునకు పరాయిది కాదు. అది మన పాత పుస్తకములలోనే యున్నది.

ఐతే కన్నడమువలె మూడు రూపములున్న భాషలో స్త్రీకి గౌరవము హెచ్చనియు, అర్మీనియనువలె ఒకే రూపమున్న భాషలో సమత్వము సిద్ధించినదనియు తీర్మానింపవచ్చునా? అది తొందరపాటు. పారసీకమున స్త్రీపురుషులకు ఒకే సర్వనామమున్నది, బెంగాలీలోను అంతే. ఆ మాత్రముచే ఆ దేశముల ఇండ్లలోను, న్యాయస్థానములలోను స్త్రీలకు పురుషులతో సమానమైన స్థానము లభించినదని చరిత్ర చెప్పదు. చైనా భాషలో పలుకుబడికి స్త్రీపురుష భేదము లేదు. 20వ శతాబ్దపు ఆరంభమున అచ్చటి సంస్కర్తలు స్త్రీ కొరకు ప్రత్యేకముగా ఒక లిపిచిహ్నమును వాడుకలోనికి తెచ్చిరి. వేరు మాట లేకుండుట గౌరవమని ఒకరు, వేరు మాట యుండుట గౌరవమని మరొకరు. దీనినిబట్టి మాట యొక్క ఆకారములో ధర్మము లేదనియు, మాటను ఎంచుకొను చేతిలో నున్నదనియు తెలియుచున్నది.

మన చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. కాకతి రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. ఆమె రాజ్యము చేసినపుడు శాసనములు ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని పేర్కొన్నవి. రాజ్యాధికారమును స్త్రీరూపమున చెప్పుకొను మాట సిద్ధముగా లేక, సమాజము రాణినే మగపేరుతో పిలిచి తన చిక్కును తీర్చుకొన్నది. ఆమె మరణమును 1289 నాటి చందుపట్ల శాసనము తెలుపుచున్నది. ఆ తరువాత అయిదేండ్లకు, 1294లో, కాకతీయుల సేనానులు మన రాయచూరు కోటను కట్టించిరి. ఆ కోటగోడ పక్కనుండి నడచునపుడు మాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును. ఒక స్త్రీని 'మహారాజు' అనగలిగిన భాష, ఇంటి స్త్రీని 'వచ్చినారు' అనలేదా?

ప్రశ్న స్త్రీలతో ముగియదు. 'వాడు' అను మాటను ఎవరిపట్ల వాడుచున్నామో లెక్క చూచుకొందము. పొలములో కూలికి వచ్చిన అరువదేండ్ల వృద్ధుడు 'వాడు'. మురుగుకాలువ శుభ్రపరచు మనిషి 'వాడు'. అతని భార్య 'అది'. ఇరువదేండ్ల పొలము యజమాని కుమారుడు 'ఆయన'. చేతికి సంకెళ్లు పడవలసిన ధనికుడు 'వారు'. వయస్సు, సత్ప్రవర్తన, శ్రమ మొదలగు వేనికిని ఈ తూకములో బరువు లేదు. అగ్రవర్ణములవారు చిన్నపిల్లలనైనను 'గారు' చేర్చి పిలుచుటయు, దళితవాడలోని తాతలను పేరుకు 'గాడు' తగిలించి పిలుచుటయు మన తరమువారు చూచినదే. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను నిషేధించినది. చేతి అంటును చట్టము నిషేధింపగలిగినది గాని, నాలుక అంటును మనమే మానుకొనవలెను.

మేము పదవ తరగతితో చదువు చాలించి, ముప్పదేండ్లకు పైగా గుమాస్తాగా దస్త్రముల నడుమ జీవించినవారము. దస్త్రముల భాష బహు పొడిది. దానిని సాహిత్యపరులు గేలి చేయుదురు. ఐనను దానియందొక సుగుణము కలదు. కన్నడ దస్త్రములలో ఒకమారు పేరు వచ్చిన పిమ్మట ఆ వ్యక్తిని 'సదరి' యందురు. తెలుగున 'సదరు' అందురు. నిజాము కాలపు ఉర్దూ కాగితములలో 'మజ్కూర్' అను మాట అట్టిదే. భూస్వామియైనను 'సదరి', అతని పొలము దున్ను పాలికాపైనను 'సదరి'. అర్మీనియను 'నా' చేయు పనిని మా దస్త్రములలో 'సదరి' చేయుచుండెడిది. కాగితము మీద ఇద్దరును సమానులు. అదే కచేరీ వసారాలోనికి వచ్చినపుడు మాత్రము ఒకరిని గూర్చి "అయ్యగారు వచ్చినారు" అనియు, మరొకరిని గూర్చి "ఎవడో వచ్చినాడు" అనియు కబురు లోనికి పోవుచుండెడిది. కాగితము నేర్చిన సంస్కారమును నోరు నేర్వలేదు. 'ఎవరో వచ్చినారు' అనుటకు శ్రమ ఏమి హెచ్చు? 'ఎవరు' అను మాట మన భాషలో ఆడమగ భేదము లేనిది, పెద్దచిన్న భేదము లేనిది, ఒకరికైనను పలువురికైనను చెల్లునది. అపరిచితుని గూర్చి ఇంత మర్యాదగల మాటను పెట్టుకొన్న భాష పరిచయమైన పిమ్మట మర్యాదను తగ్గించుకొనుట వింతగదా!

మన జిల్లా నేలకు ఈ విషయమున గొప్ప సాక్ష్యము కలదు. మస్కి శాసనము 1915లో బయటపడువరకు 'దేవానాంప్రియుడు' అను బిరుదము గల రాజెవరో శిలల మీద స్పష్టముగా తెలియరాలేదు. మస్కిలో అశోకుడను పేరు బిరుదముతో కలిసి కనబడినది. అదే అశోకుడు పన్నెండవ శిలాశాసనమున, తన మతమును పొగడుకొని పరుల మతమును నిందింపరాదనియు, వాక్కును అదుపునందుంచుకొనవలెననియు ఉపదేశించెను. ఆ శాసనము కర్నూలు సీమలోని ఎర్రగుడి బండల మీదను ఉన్నది. అచ్చట లేనివారిని గూర్చి, బదులు చెప్పలేనివారిని గూర్చి నోరు అదుపులో నుంచుకొనుమనుటయే గదా దాని సారము. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు తన ప్రసిద్ధ వచనమొకదానిలో, ఎదుటివానిని 'ఇతడెవరివాడు' అని విచారింపక, 'ఇతడు మనవాడే' అని యనిపించుమని దేవుని వేడుకొనెను. కన్నడనాట ఆ వచనము నెరుగని బిడ్డ లేదు. ప్రథమపురుష సర్వనామమును గూర్చి ఇంతకంటె గొప్ప ధర్మసూత్రము మరియొకటి మాకు తెలియదు.

మనవంటి అల్పసంఖ్యాక కుటుంబములకు ఈ చర్చతో ప్రత్యేకమైన పని కలదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకును, తక్కిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమునకును పోయినవి. ఆ నాటికే ఇచ్చట తరతరములుగా నున్న తెలుగు కుటుంబములు ఒక తెగ. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై ఎడమ కాలువ నీరు పారిన పిమ్మట, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతముల 'క్యాంపు'లలో స్థిరపడినవారు మరియొక తెగ. ఉభయులదియు తెలుగే గాని మర్యాద తూనికలు వేరు. పాతవారు పెద్దలను గూర్చియు చనువుతో ఏకవచనము వాడుదురు; 'మా మామ వచ్చినాడు' అందురు. అందు అగౌరవము లేదు, ప్రేమయే కలదు. కోస్తానుండి వచ్చినవారికి అది మోటుగా వినబడును. వారి 'గారు', 'వచ్చారండి' అను మాటలు పాతవారికి అంటీ ముట్టని పలుకులుగా తోచును. పెండ్లి సంబంధములు కుదురునపుడు ఈ ఒక్క తేడాచే మనస్సులు నొచ్చుట కలదు. ఒకరి నిచ్చెనతో మరొకరి ఇంటి ఎత్తును కొలువరాదని ఇరువురును గ్రహించిన ఎంతో మేలు.

పిల్లల విషయము ఇంతకంటె ముఖ్యమైనది. రాజ్యాంగపు 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఐనను మన బిడ్డలలో పెక్కుమందికి తెలుగు బడిలో దొరకదు, ఇంటిలో దొరకవలసినదే. ఇంటిలో వారు వినుచున్న తెలుగు ఏది? పనిమనిషిని 'అది' యనియు, పాలు తెచ్చువానిని 'వాడు' అనియు, కోడలిని లేనపుడు మరియొక విధముగాను పలుకు తెలుగేనా? బడిలో మర్యాదగల కన్నడమును, ఇంటిలో మర్యాద లేని తెలుగును వినిన బిడ్డ, తెలుగు కోపమునకును తిట్టుకును పనికివచ్చు భాషయని నిశ్చయించుకొనును. అట్టి భాషను తన బిడ్డలకు ఎందులకు నేర్పును? సభలు జరిపి, సంచికలు వేసి భాషను నిలుపుదుమని మన సంఘములు పాటుపడుచున్నవి. సంచికలో భాష నిలుచుట మంచిదే. నోటిలో నిలువనిది సంచికలో ఎంతకాలము నిలుచును?

చనువును గూర్చి ఒక ఆక్షేపణ వచ్చును. తల్లి బిడ్డను 'వాడు', 'అది' అనుటలో అగౌరవమేమున్నది? భక్తులు దేవునినే ఏకవచనమున పిలుచుకొనలేదా? నిజమే. చనువును చంపి అందరిని 'వారు' అని పిలుచు ఇల్లు కచేరీ యగును గాని ఇల్లు కాదు. కాని చనువు ఇరువైపులనుండి పారవలెను. తల్లి బిడ్డను 'వాడు' అనును. బిడ్డ తల్లిని గూర్చి 'మా అమ్మ' యని అంతకంటె చనువుగా పలుకును. యజమాని పాలికాపును 'వాడు' అనును. పాలికాపు యజమానిని 'వాడు' అనగలడా? అనలేనిచో అది చనువు కాదు, అధికారము చనువు వేషము వేసికొన్నది.

ఇటీవల యువజనులు 'తను' అను మాటను స్త్రీపురుషులిద్దరికి విరివిగా వాడుచున్నారు. 'తాను' మన పాత మాటయే. అర్మీనియనులోను 'తాను' అను అర్థముగల మాట ఒక్కొక్కప్పుడు ప్రథమపురుషకు బదులుగా వచ్చుచుండును. పెద్దలు కొందరు ఇది వ్యాకరణవిరుద్ధమని విసుగుకొందురు. మాకు అందు తప్పు పట్టబుద్ధి పుట్టుట లేదు. హెచ్చు తగ్గులు లేని మాటనొకదానిని ఆ పిల్లలు తమకు తెలియకయే వెదకుకొనుచున్నారు. ఐనను 'తను వచ్చాడు', 'తను వచ్చింది' అని క్రియ పాత భేదమునే చెప్పుచున్నది గనుక ఆ మార్గము సగము దూరమే పోవును. పూర్తి మార్గము మనకు ముందే యున్నది. అది బహువచనము. 'వారు వచ్చినారు' అనునపుడు ఆడ లేదు, మగ లేదు, పేద లేదు, ధనికుడు లేడు. స్త్రీని మనుష్యవర్గమున చేర్చుకొనుటకు మన భాష తెరచిన ద్వారము అదియే. ఆ ద్వారమున ఒంటరి స్త్రీని కూడ ప్రవేశపెట్టుటకు కొత్త వ్యాకరణము వ్రాయనక్కరలేదు. 'అవ్వ వచ్చినారు' అనిన చాలును. 'ఊడ్చువారు వచ్చినారు' అనిన చాలును.

దీనికి చట్టమేమియు అక్కరలేదు, ఖర్చు అంతకంటె లేదు. ఒక చిన్న పరీక్ష చాలును. ఎవరిని గూర్చియైనను పలుకునపుడు వారు గడప అవతల నిలిచి వినుచున్నారని అనుకొందము. అప్పుడును అదే మాట పలుకగలిగినచో అది చనువైనను మర్యాదయైనను నిర్దోషమైనది. పలుకలేక నాలుక కరచుకొందుమా, ఆ మాట వారు లేనప్పుడును పలుకరానిదే. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దలు చెప్పిరి. పరాయి సీమలో ఊరు మంచిగా నుండవలసిన అవసరము మనకు మరింత హెచ్చు. మన పొరుగువారు మన భాషను పూర్తిగా నెరుగరు. మన ఇంటినుండి వినవచ్చు స్వరమును బట్టియే తెలుగువారెట్టివారో నిర్ణయించుకొందురు. ఆ స్వరములో ఎదుట లేనివారికి తొలి పీట దొరకుచున్నదని వారికి వినబడవలెను.